బల్ల మీద చెయ్యి

నూకరాజు తన పొందూరు పంచెను గుర్తుపట్టేసరికి అది పెరటి వరండాలో, పాత అల్యూమినియం డేగిసాలో ఉడుకుతోంది.

"ఏటే ఇది?" అన్నాడు. అప్పుడే ప్లాంటు నుంచి వచ్చాడు. హెల్మెట్టు ఇంకా చంకలోనే ఉంది.

"ఆకులు," అంది మణిమాల, డేగిసాలోని కట్టను పుల్లతో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పుతూ.

"ఆకులు సరే. ఆకులకి చుట్టిన గుడ్డ ఏటని?"

"పెళ్ళిలో మా నాన్న పెట్టిన పంచి. ఒక్కనాడైనా కట్టినారేటి? పెట్టిలో కలరా ఉండల మధ్య పడుంది. ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది."

నూకరాజు హెల్మెట్టు మేకుకి తగిలించాడు. ప్లేట్ మిల్లులో పంచె కట్టుకుని తిరిగినవాణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇంట్లోకి లుంగీ ఉంది. పెళ్ళిళ్ళకి టెరికాటన్ ప్యాంటు ఉంది. అయినా మనిషికి తను కట్టని పంచె మీద కూడా కొంత హక్కుంటుంది. ఆ హక్కును ఆయన "అడిగితే నేను వొద్దంటానేటి" అన్న ఒక్క ముక్కతో వాడేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

"అడిగితే వొద్దంటారనే అడగలేదు," అని మణిమాల డేగిసాతో చెప్పింది.

వరండా మూల మూత పెట్టిన డబ్బా ఒకటి ఉంది. అందులో బెల్లం నీళ్ళు, తుప్పు పట్టిన నట్లు, వాషర్లు మగ్గుతున్నాయి. అద్దకంవాళ్ళు నలుపు కోసం పులియబెట్టుకునే నీళ్ళే అవి. దేశమంతటికీ ఉక్కు పంపించే ఈ ఛత్తీస్‌గఢ్ ఊళ్ళో, ఆ ఉక్కు చేసే మనిషి భార్య, తుప్పు పట్టిన వాషర్లను పాత సామాన్లు కొనే కబాడీవాడి దగ్గర బేరమాడి కొనుక్కుంది. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు టిఫిను క్యారియరు గిన్నెలు కూడా విప్పి చూస్తారు. ఒక వాషరు కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకునే ఉద్దేశం నూకరాజుకి లేదు. ఆవిడా అడగలేదు. చిరిగిపోయిన కాన్వాసు గ్లవ్సు మాత్రం ఎవరూ పట్టించుకోరు కాబట్టి అవి ఇంటికి వస్తుంటాయి.

పంచెను ముందు ఆ ఇనప నీళ్ళలో ముంచి ఆరేసింది. తెల్లటిది ఎండుగడ్డి రంగుకి తిరిగింది. దాని మీద పచ్చి ఆకులు పరిచి, గట్టిగా చుట్టి, తాడు బిగించి ఉడకబెడితే, ఆకులోని వగరు గుడ్డలోని ఇనుమును పట్టుకుని నల్లగా అచ్చు పడుతుంది. వగరు ఎక్కువున్న ఆకు కాటుకలా, తక్కువున్నది బూడిదలా. ఏది ఎలా పడిందో కట్ట విప్పేదాకా తెలియదు. మణిమాలకి ఈ పనిలో నచ్చేది అదే. వంటలో ఆ సుఖం లేదు. పప్పు ఎలా వస్తుందో పోపు పెట్టకముందే తెలిసిపోతుంది.

కట్ట చల్లారేవేళకి పిట్టగోడ మీద డోర్కాస్ తల కనిపించింది. డోర్కాస్‌ది నరసాపురం. భర్త ప్రభుదాసు పవర్ హౌసులో పనిచేస్తాడు. ఆవిడ సెక్టర్ 2లో సగంమందికి జాకెట్లు కుడుతుంది. కుట్టేటప్పుడు కొలతలతో పాటు వాళ్ళ గుణగణాలు కూడా తీసుకుంటుంది.

"ఏంటి మణీ ఆ వాసన? మా పెరట్లో పిల్లి గాని చచ్చిందేమోనని ఇందాకట్నించీ మంచాల కింద వెతుకుతున్నాను."

"రండక్కా, మీరుండగా విప్పుతాను."

తాడు ముడి తడికి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగింది మణిమాల. చుట్టలు విప్పుతూ, అంటుకున్న ఆకులను గోటితో ఒక్కొక్కటే లేపుతూ పోయింది. టేకాకు, మధ్యలో ఈనెల వలతో సహా, ఊదా కలిసిన నలుపులో దిగింది. మోదుగ ఆకులు మూడేసి ఒక్క కాడకి వేలాడుతూ కనిపించాయి. క్వార్టర్ల వెనక కంచె పొడుగునా ఉన్న గోరింటాకు రెమ్మలు మాత్రం సన్నగా, తొందరలో రాసిన అక్షరాల్లా పడ్డాయి. ఒక వేపాకు మండ సగమే పడి ఊరుకుంది.

డోర్కాస్ పిట్టగోడ మీంచి వంగి టేకాకు ఈనెల మీద వేలు నడిపించింది. 

"దీన్నేం చేస్తావు?"

"మహిళా మండలి ఎగ్జిబిషన్ ఉంది కదా శనివారం నుంచీ. 'ప్రకృతి, సంస్కృతి' అంట. మధ్యలో ఇంకొంచెం పనుంది. అదయ్యాక ఇచ్చెద్దామని."

"గోడకి కడతారా?"

"గోడకే. కింద చీటీ మీద పేరు రాసి పెడతారంట."

"ఎవరి పేరు?"

"చేసినోళ్ళ పేరు," అంది మణిమాల, తాడును ఉండ చుట్టుకుంటూ, ఎంతో మామూలు విషయంలా.

అది మామూలు విషయం కాదు. ఈ సెక్టర్లో ఆవిడకి పేర్లు చాలానే ఉన్నాయి. నూకరాజుగారి మిసెస్. అమ్ము కీ మమ్మీ. పెళ్ళిళ్ళ సీజనులో మెహందీవాలీ దీదీ. ఈ పేర్లన్నిటికీ ఆవిడ పలుకుతుంది కూడా. మణిమాల అన్నది రేషను కార్డులో ఉంది, డిస్పెన్సరీ పుస్తకంలో ఉంది. ఒక్కసారి అది గోడ మీద, తను చేసినదాని కింద, పదిమంది నిలబడి చదివేలా ఉండాలని ఆవిడ కోరిక. ఇంత చిన్న కోరిక కాబట్టే ఎవరికీ చెప్పుకోడానికి వీల్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే గోరింటాకు రుబ్బింది. ఆషాఢం కదా, రోట్లో వేసేసరికి పక్క క్వార్టర్లవాళ్ళు గిన్నెలతో వచ్చి తలో ముద్దా పట్టుకెళ్ళారు. మిగిలినదాంతో తను అనుకున్న పని మొదలుపెట్టింది.

నూకరాజు పాత గ్లవ్సులో ఒకదాన్ని సోడాలో ఉడికించి, జిడ్డు వదిలేదాకా రాతి మీద రుద్ది ఉంచింది. బొటనవేలు దగ్గర కాలిన మచ్చ వదల్లేదు. ఉండనీ అనుకుంది. గ్లవ్సును చాప మీద వెల్లకిలా పరిచి, అరచేతి మధ్య ఒక చందమామ, చుట్టూ చుక్కలు, అయిదు వేళ్ళ చివరలా టోపీలు పెట్టింది. ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆవిడ కోన్లతో తీగెలు, నెమళ్ళు, మామిడి పిందెలు మోచేతి దాకా అల్లేస్తుంది. దీనికి మాత్రం ఊళ్ళో అమ్మలు, అమ్మమ్మలు పెట్టే ముద్ద గోరింటాకే. అంతకంటే ఒక్క గీత ఎక్కువైనా ఆ చేతికి నప్పదు.

బడి నుంచి వచ్చిన కూతురు అమ్ము గుమ్మంలోనే ఆగిపోయింది. ఎనిమిదో తరగతి. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీయే.

"మమ్మీ, పాపా కే హాథ్ మే మెహందీ?"

"మీ పాపా చేతికి కాదే. పాపా గ్లవ్సుకి."

"వహీ తో," అంది అమ్ము, రెండింటికీ తేడా ఏముందన్నట్టు.

సాయంత్రం ముద్ద రాల్చేసరికి కాన్వాసు మీద చందమామ ఇటుక రంగులో పండింది. పంచె మధ్యలో ఆకుల నడుమ గ్లవ్సును పరిచి, అంచు చుట్టూ చిన్న చిన్న కుట్లు వేయడం మొదలుపెట్టింది. కాన్వాసు మందం. సూది దిగినచోట తిరిగి రాదు. పటకారుతో లాగుతుంటే నూకరాజు వచ్చి ఎదురుగా గొంతుక్కూచున్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, తన కుడిచెయ్యి గ్లవ్సు పక్కన వెల్లకిలా ఆనించి చూసుకున్నాడు.

"చిటికినేలు ఒంకరొచ్చింది."

"మీదే ఒంకర. గ్లవ్సు అలవాటు పడిపోయింది."

ఆయన తన వేలిని ఇటూ అటూ తిప్పి చూసుకుని ఒప్పుకున్నాడు. "అయితే నా చెయ్యి గోడెక్కుతాదన్నమాట."

"ఎక్కితే ఎక్కినట్టు. ముందు ఆ గ్లాసు దూరంగా పెట్టండి."

పంచె విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఎగ్జిబిషన్ సెక్టర్ 4లో ఒక హాల్లో. సరుకు ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. వాన పడుతోంది. మణిమాల గుడ్డను చీర మడత పెట్టినట్టు నాలుగు మడతలు పెట్టి, తువ్వాల్లో చుట్టి, పైన పాలిథిన్ కవరు వేసి, రిక్షా దిగి లోపలికి వెళ్ళింది. తువ్వాల్లో చుట్టిన వస్తువు ఎవరికైనా స్నానానికో అన్నం క్యారియరుకో సంబంధించినదిగా కనిపిస్తుందని ఆవిడకి తోచలేదు.

బల్ల వెనక గౌరీదేవిగారు కూచున్నారు. మండలి సెక్రటరీ. భర్త భుజంగరావుగారు ప్లాంటులో పెద్ద ఆఫీసరు. ఆవిడ గుడివాడ వైపు మనిషి, మాట మెత్తన. ఆవిడ చుట్టూ థర్మకోల్ గుడులు, గాజు పెంకుల నెమళ్ళు, ఊలు చిలకలు పోగుపడి ఉన్నాయి. ఒకావిడ మైసూరు పాక్ రంగు తాజ్‌మహల్ పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉంది.

"రామ్మా. నూకరాజు భార్యవి కదూ? నీ గురించే అనుకుంటున్నాను. రేపు మధ్యాహ్నం పెద్ద మేడమ్ గారు వస్తున్నారు. జనరల్ మేనేజరుగారి భార్య. వచ్చినవాళ్ళకి మెహందీ పెట్టాలి. నీ చెయ్యి మంచిదని అందరూ అంటారు. కోన్లు తెచ్చుకుంటావుగా?"

"తెస్తానండి."

"ఏంటది తువ్వాల్లో?"

ఇదే ఆ సమయం. మణిమాల తువ్వాలు విప్పింది. మడత పెట్టిన గుడ్డ పై పొరలో ఒక వేపాకు మండ, అదీ సగం పడింది, కనిపించింది. ఇది నేను చేశాను, ఇనప నీళ్ళతో కలిపి నెల పట్టింది, విప్పి చూడండి, గోడకి కట్టండి. రిక్షాలో వస్తూ అనుకున్న మాటలన్నీ వరసలో ఉన్నాయి. నోరు తెరిచేసరికి ఇంకో మాట వాటిని తోసుకుని ముందుకొచ్చింది.

"ఏదో లెండి మేడమ్‌గారూ. మావారి పాత పంచి. గుడ్డముక్క."

మణిమాల పుట్టింటి వైపు ఆడవాళ్ళు అలాగే మాట్లాడతారు. పట్టుచీర బాగుందంటే సంతలో కొన్నాం అంటారు. పులిహోర బాగుందంటే ఉప్పు ఎక్కువైంది అంటారు. అవతలివాళ్ళు దాన్ని కొట్టిపారేసి, ఊరుకో, ఎంత బాగుందో అని గట్టిగా అనాలి. అప్పుడు ఇవతలివాళ్ళు నవ్వాలి. అది ఇద్దరు ఆడవలసిన ఆట. గౌరీదేవిగారికి వెనక ఫోను మోగింది, ముందు తాజ్‌మహల్ ఉంది. ఆవిడ తన వంతు ఆడలేదు.

"సరే అమ్మా, ఆ మూల పెట్టి వెళ్ళు," అన్నారు.

మణిమాల మూల పెట్టి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం డోర్కాస్‌తో కలిసి హాల్లోకి అడుగు పెట్టినప్పుడు ఆవిడ ముందుగా గోడలే చూసింది. ఎడమ గోడ నిండా చిలకలు. ఎదురు గోడకి ఎండిన పూల గ్రీటింగు కార్డులు. కుడి గోడకి ఒక జలపాతం, మెరుపు పొడితో. ఒక్కోదాని కింద తెల్ల చీటీ, చీటీ మీద స్కెచ్ పెన్నుతో పేరు. గోడల వెంట ఒక చుట్టు నడిచింది. స్తంభాల వెనక కూడా చూసింది. ఇంకో చుట్టు మొదలుపెట్టబోతుంటే డోర్కాస్ మోచేత్తో పొడిచింది.

గుడ్డ హాలు చివర ఉంది. టీ బల్ల మీద పరిచి ఉంది. ఒక కొసన స్టీలు టీ డ్రమ్ము, ఇంకో కొసన కప్పులు, సాసర్లు. సరిగ్గా మధ్యలో, చెయ్యి ఉండవలసినచోట, బిస్కెట్ల పళ్ళెం. పళ్ళెం అంచు కింద నుంచి ఇటుక రంగు వేలి చివరలు రెండు బయటికి కనిపిస్తున్నాయి, ఎవరో బిస్కెట్టు కోసం బల్ల కింద నుంచి చెయ్యి చాపినట్టు.

గౌరీదేవిగారు ఎదురొచ్చారు. "సమయానికి తెచ్చావమ్మా. టెంట్‌హౌసువాడు బల్లలు పంపాడు గానీ గుడ్డలు పంపలేదు. నువ్వు పాత పంచె అన్నావని గుర్తొచ్చింది. రంగు కూడా టీకి భలే సరిపోయింది."

గౌరీదేవిగారు చెడ్డ మనిషి కాదు. ఇబ్బందంతా అక్కడే వచ్చింది. చెడ్డ మనిషి అయితే ఏదో ఒకటి అనడం తేలిక.

"పరవాలేదండి," అంది మణిమాల. ఆ మాట ఆవిడ నోట్లోకి ఎప్పుడూ పిలవని చుట్టంలా వచ్చి కూచుంటుంది.

"ఏం పరవాలేదు?" అంది డోర్కాస్, గౌరీదేవిగారు అటు వెళ్ళగానే. "లాగేద్దామా? కప్పులతో సహా?"

"వొద్దక్కా."

"నువ్వు నోరు విప్పవు, నన్ను విప్పనివ్వవు. ఆ పళ్ళెం కింద ఉన్నది మీ ఆయన చెయ్యే కదమ్మా."

మణిమాల వెళ్ళి తనకి వేసిన కుర్చీలో కూచుంది. అది టీ బల్లకి సరిగ్గా ఎదురుగా ఉంది. కోన్ చివర కత్తిరించింది. మొదటి చెయ్యి ముందుకొచ్చింది.

చెయ్యి తర్వాత చెయ్యి వచ్చింది. ఆవిడ గీస్తూనే ఉంది. ప్రతి తీగె చివరా తల ఎత్తి బల్ల వైపు చూస్తోంది. టీ పోసేవాడు సుకాలూ, ఈ హాల్లో ఏ ఫంక్షనుకైనా అతనే. దగ్గరలోని ఛత్తీస్‌గఢీ పల్లె నుంచి సైకిలు మీద వస్తాడు. అతను జాగ్రత్తగానే పోస్తున్నాడు. కాని ఆడవాళ్ళు మాట్లాడుతూ తాగుతారు, మాట్లాడేటప్పుడు చేతులు ఊపుతారు. సాసర్లోకి ఒలికింది. సాసరు వదిలేసి కప్పు గుడ్డ మీద పెట్టారు. కప్పు తీశారు.

ఎండుగడ్డి రంగు మీద సన్నటి తడి గుండ్రం ఒకటి మిగిలింది. మణిమాల చూస్తుండగానే అది బూడిద రంగుకి తిరిగింది. తర్వాత ఇంకా చిక్కబడింది. చేతిలో కోన్ ఆగిపోయింది.

టీ కూడా ఆకే కదా, అనుకుంది.

ఎదురుగా చెయ్యి చాపిన మిశ్రాగారి కోడలు, "దీదీ?" అంది. మణిమాల గీత కొనసాగించింది గానీ కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. ఇందాక ఉన్న బాధ పోయిందని చెప్పలేం. దాని పక్కన ఇంకోటి వచ్చి కూచుంది. టేకాకు మీదుగా ఒక గుండ్రం పడింది. మోదుగ కాడ దగ్గర రెండు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ పడ్డాయి. బాగా పడ్డాయి. తను పెట్టినా అంత బాగా పడేవి కావు.

అప్పుడు పెద్ద మేడమ్ గారు తన కప్పు ఎత్తారు.

ఆవిడ కలకత్తా మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా ఉంటారు. కప్పు కింద నల్లటి చక్రం చూసి, చూపుడు వేలు ఆనించారు. "యే కాలా క్యోం హో రహా హై?" అని, నల్లబడుతోందేమిటని, మామూలుగానే అడిగారు. కాని పెద్దవాళ్ళు మామూలుగా అడిగిన ప్రశ్న చుట్టుపక్కల మామూలుగా ఉండదు. పక్కావిడ తన కప్పు కింద చూసుకుంది. ఇంకొకావిడ చూసుకుంది. గుడ్డనే ఇంత నల్లగా చేస్తే కడుపులో ఏం చేస్తుంది అని ఎవరో అన్నారు. టీ పొడిలో కల్తీ అని ఒకరు, పాలలో సోడా అని ఇంకొకరు. తాగుతున్నవాళ్ళంతా కప్పులు ఒక్కసారే కింద పెట్టేశారు. దాంతో బల్ల నిండా గుండ్రాలు పడ్డాయి.

గౌరీదేవిగారి ముఖం పాలిపోయింది. "సుకాలూ, క్యా డాలా ఇస్మే?"

సుకాలూ భుజం మీది తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "మైం కుఛూ నయ్ డారే హవ్, దీదీ," అన్నాడు. తను ఏమీ కలపలేదని. రెండోసారి గొంతు ఇంకా తగ్గించి అదే అన్నాడు. తగ్గిన గొంతు తప్పు ఒప్పుకున్నట్టే వినిపించింది.

"కల్ సే మత్ ఆనా," అన్నారు గౌరీదేవిగారు. రేపటి నుంచి రావద్దని.

మణిమాల కోన్ కింద పెట్టింది. మిశ్రాగారి కోడలి చేతిలో నెమలికి తోక ఇంకా రాలేదు. లేచి, బల్ల దగ్గరికి నడిచి, ఎవరూ ముట్టుకోని నిండు కప్పు ఒకటి తీసుకుని తాగింది. తొందరపడకుండా, అడుగు కనిపించేదాకా తాగింది. వచ్చినప్పటి నుంచీ ఆవిడకి ఎవరూ టీ ఇవ్వలేదు కూడా.

"చాయ్ అచ్ఛీ హై," అంది. "చాయ్ మే కుఛ్ నహీ హై. కప్‌డే మే లోహా హై."

టీలో ఏమీ లేదు, గుడ్డలో ఇనుముందంటే ఎవరికీ అర్థం కాలేదు. అందరూ ఆవిడ వైపు చూశారు. ఇక ఆగడానికి దారి లేదు.

"యే కప్‌డా మైనే బనాయా హై. టేబుల్ కా నహీ హై. దీవార్ కా హై."

ఇది నేను చేశాను, బల్లది కాదు, గోడది. తెలుగులో అయితే ఆ మాటలు ముందు పది క్షమాపణలు పెట్టుకుని గాని బయటికి వచ్చేవి కావు. హిందీలో ఆవిడకి కూరగాయల బేరానికి, రిక్షావాడికి దారి చెప్పడానికి సరిపడా మాటలే తెలుసు. వినయానికి సరిపడా తెలియవు.

పెద్ద మేడమ్ గారు ఆవిడని చూశారు, గుడ్డని చూశారు. రెండు చేతులతో బిస్కెట్ల పళ్ళెం ఎత్తి డోర్కాస్ చేతికిచ్చారు. డోర్కాస్ ఆ పళ్ళెం అందుకోవడంలో ఒక బహుమతి అందుకున్న దర్జా కనిపించింది.

చెయ్యి బయటపడింది. అరచేతిలో చందమామ, వేళ్ళకి టోపీలు, బొటనవేలి దగ్గర కాలిన మచ్చ.

"కిస్‌కా హాథ్ హై?" అని, ఎవరి చెయ్యని అడిగారు.

"మేరే ఆద్మీ కా. ప్లేట్ మిల్," అంది మణిమాల, తన మొగుడిదని చెబుతూ.

 చుట్టూ ఉన్నవాళ్ళ భర్తలు కూడా ఏదో ఒక మిల్లులోనో ఫర్నేసులోనో ఉన్నవాళ్ళే. ఆఫీసరయినా, కార్మికుడయినా, ఆ గ్లవ్సు తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఒకావిడ వంకర చిటికినవేలిని మెల్లగా సరిచేయబోయి, కుట్టి ఉందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

గౌరీదేవిగారు మణిమాలను పక్కకి పిలిచారు. "ముందే చెప్పొద్దూ అమ్మా?"

"చెప్పినానండి. తప్పు చెప్పినాను."

"ఉతికించి రేపు గోడకి కట్టిద్దాం. ఈ మరకలు పోతాయా?"

"పోవండి."

"అయ్యో."

"పోనక్కర్లేదండి. ఇంటికి పట్టుకెళ్తాను. ఇంకా పనుంది దీనికి. ఆఖరి రోజుకి తెస్తాను." ఆగి, "సుకాలూ భయ్యాని రేపు కూడా రమ్మని చెప్పండి," అంది. గౌరీదేవిగారు తల ఊపారు. తల ఊపితే సరిపోదన్నట్టు మణిమాల అక్కడే నిలబడింది. ఆవిడ వెళ్ళి అతనితో చెప్పి వచ్చాకే కప్పులు తీయడం మొదలుపెట్టింది.

ఆదివారమంతా వాన. పంచె వరండాలో చాప మీద పరిచి ఉంది. కొన్ని గుండ్రాల చుట్టూ ఎర్ర దారంతో కాడకుట్టు వేసింది మణిమాల. కొన్నిటిని ఊరికే వదిలేసింది. ఒకచోట టీ చెదిరి తోకలా జారింది. దానికి రాగి తీగె కుట్టింది. ఏ గుండ్రం ఎవరిదో ఆవిడకి దాదాపుగా తెలుసు. చేతులకి మెహందీ పెడుతూ చూసింది కదా.

నూకరాజు టీ తాగుతూ నిలబడి చూశాడు. "మొత్తానికి సెక్టరంతా నా పంచి మీద టీ తాగీసింది. నేను తప్ప."

"ఎవరొద్దన్నారు?"

"గ్లాసు దూరం పెట్టమన్నావు కదేటి మొన్న."

"అది మొన్న."

ఆయన వంగి, గ్లాసు అడుగున వేలితో టీ రాసి, చేతికి దగ్గరగా పెట్టబోయాడు.

"అక్కడ కాదు. ఇంకొంచెం కిందికి. ఆఁ. నొక్కండి."

స్టీలు గ్లాసు గుండ్రం కప్పుల కంటే చిన్నగా, కచ్చితంగా పడింది. ఇద్దరూ అది నల్లబడేదాకా చూశారు.

ఆఖరి రోజు పొద్దున్న గుడ్డ గోడెక్కింది. ఎదురు గోడ మీద గ్రీటింగు కార్డులను కొంచెం పక్కకి జరిపారు. తలుపులు తెరిచాక వచ్చినవాళ్ళు అక్కడ ఎక్కువసేపు ఆగారు. అందరూ చెయ్యి చూడ్డానికే ఆగారనడానికి లేదు.

"ఈ టేకాకు మీదిది నాదే. నేను అటు పక్కే నిలబడ్డాను."

"మీరు కుర్చీలో ఉన్నారు వదినా. అది నాది."

"ఇస్‌మే మేరా వాలా కౌన్‌సా హై?" అని మిశ్రాగారి కోడలు తనది వెతుక్కుంటోంది. ఆ రోజు చేతికి మెహందీ ఉండబట్టి ఆవిడ అసలు కప్పే పట్టుకోలేదు. అయినా ఒకటి దొరికించుకుంది.

గౌరీదేవిగారు తెల్ల చీటీ, స్కెచ్ పెన్ను పట్టుకుని వచ్చారు. ఆవిడ ముఖంలో కూడా సంతోషమే. తన గుండ్రం అందరికంటే పైన, మోదుగాకుల పక్కన ఉంది. చీటీ మీద అప్పటికే ఒక మాట రాసి ఉంది. దాన్ని మణిమాలకి చూపించారు. 'మహిళా మండలి సభ్యులు.'

"బాగుంటుంది కదమ్మా? అందరి కప్పులూ ఉన్నాయి ఇందులో. ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నీకేమీ పట్టింపు లేదుగా?"

పరవాలేదన్న పిలవని చుట్టం గడప దాకా వచ్చింది. మణిమాల దాన్ని లోపలికి రానివ్వలేదు.

"ఉందండి," అంది. తెలుగులోనే అంది. "టీ మీదేనండి. గుడ్డ నాది."

గొంతు పెద్దది చేయలేదు. గుండ్రాలు వెతుక్కుంటున్నవాళ్ళు ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. గౌరీదేవిగారు చేతిలోని చీటీ వైపు, గోడ వైపు, మళ్ళీ చీటీ వైపు చూశారు. చిన్నబుచ్చుకున్నారు కూడా, కొంచెం. తర్వాత ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకుని, కొత్తది తీశారు.

"నీ పేరేంటమ్మా? నూకరాజు భార్య అని తప్ప..."

"మణిమాల."

ఆవిడ గోడకి ఆనించి రాశారు. గుండుసూది కోసం వెతుకుతుంటే మణిమాల చెయ్యి చాపింది. "ఇటివ్వండి. నేను పెట్టుకుంటాను."

గోడ గట్టిది, సూది మొదటిసారి వంగిపోయింది. డోర్కాస్ ఇంకోటి అందించింది. ఈసారి బొటనవేలితో నొక్కిపెట్టి, కొంచెం ఎడంగా ఇటుకల మధ్య సందు వెతికి దించింది. చీటీ ఒక పక్కకి ఒరిగింది. సరిచేయనా అని డోర్కాస్ అడిగింది.

"వొద్దక్కా," అంది మణిమాల, రెండడుగులు వెనక్కి వేసి చూస్తూ. "కనిపిస్తంది కదా."